ఆర్థో చెప్పులని 3,800 పోసి కొన్నాను, మడమ నొప్పి అలాగే ఉంది. రోజువారీ చెప్పులు ఏం చూసి కొనాలి?

నాగావళి_ఒడ్డు
నాకు 41. టీచర్ని, రోజుకి ఆరు పీరియడ్లు నిలబడే చెప్పాలి. మూడు నెలలై పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టుంటోంది. గోడ పట్టుకుని వంటింటిదాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది. స్టాఫ్ రూంలో కూర్చుని లేస్తే మళ్లీ మొదలు.

ఎవరో చెప్పారని శ్రీకాకుళంలో ఒక షాపుకెళ్లి ‘ఆర్థో’ అని రాసున్న చెప్పులు కొన్నాను. షాపబ్బాయి వేలితో నొక్కి చూపించాడు, దూదిలా దిగిపోయింది. ‘పరుపు మీద నడిచినట్టుంటాది మేడం’ అన్నాడు. రెండు వారాలు బాగానే ఉంది. తరవాత నొప్పి అదే, పైగా సాయంత్రానికి పిక్కలు లాగుతున్నాయి. మా ఆయనైతే ‘డబ్బులు కాలికిందేసి తొక్కీసినావు’ అని రోజుకోసారి దెప్పుతున్నారు.

ఈ ఆర్థో అనే మాటకి అర్థం ఏమన్నా ఉందా? బ్రాండు పేర్లు వద్దు, ఏం చూసి కొనాలో చెప్పండి.

సిరిమాను_సీను
3,800 చెప్పులు గుడి బయట వదిలి లోపల మనశ్శాంతిగా దణ్ణం పెట్టుకోగలరా? ముందు అది చెప్పండి.

పేరెందుకులే
ఆర్థో అంటే ఆర్థికంగా తొక్కడం.

ఆమదాలవలస_అప్ప
ఒలమ్మ, అచ్చం నా కథే. నాలుగేళ్ల కిందట ఎక్స్‌రే తీసి మడమ ఎముక పెరిగిపోనాదన్నారు. ఇసక మూటతో కాపడాలు, ఆముదం, ఎవరేటి చెప్తే అది. ఆఖరికి నాకు పనిచేసింది ఏటంటే ఇంట్లో చెప్పులేసుకోవడం. మాది టైల్సు ఇల్లు. వంటింట్లో చెప్పులేటని మా అత్త రెండ్రోజులు నాతో మాటాడలేదు. ఇప్పుడు ఆవిడా ఏసుకుంటంది, అది వేరే సంగతి.

విజీనారం_ఫిజియో
@నాగావళి_ఒడ్డు, మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు ఖాయం చెయ్యను గానీ, పొద్దున్న మొదటి అడుగుకే పొడుచుకోవడం, కూర్చుని లేస్తే మళ్లీ రావడం, ఇవి ప్లాంటార్ ఫేషియైటిస్‌లో మామూలుగా కనబడే గుర్తులు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్లదాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. అది మడమ దగ్గర అంటుకునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా బిగుసుకుని ఉండి, పొద్దున్న ఒక్కసారి బరువు పడగానే లాగుతుంది.

అప్ప చెప్పిన ఎముక పెరగడం గురించి. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా అది చాలామందికి కనిపిస్తుంది. అది చూసి భయపడిపోకండి.

చెప్పుల విషయానికొస్తే, మెత్తదనమే మంచిదనుకోవడం దగ్గరే అందరూ పప్పులో కాలేస్తున్నారు. వేలితో నొక్కితే దిగిపోయే నురగ మీ ఒంటి బరువుకి ఇంకా దిగిపోతుంది. రెండు వారాల్లో అణిగి కింద అట్ట తగులుతుంది. పైగా మెత్తటి దాని మీద మడమ అటూ ఇటూ ఊగకుండా పిక్కలే బిగబట్టుకోవాలి. మీకు సాయంత్రానికి పిక్కలు లాగుతున్నది అందుకే కావచ్చు.

షాపులో చేత్తోనే చూసుకోవచ్చు. చెప్పు ముందూ వెనకా పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్లు వచ్చే చోట వంగాలి. నట్టనడుమ పుస్తకంలా మడత పడితే పక్కన పెట్టెయ్యండి. తడిబట్ట పిండినట్టు మెలిపెట్టినా తేలిగ్గా తిరగకూడదు. బూటైతే వెనక మడమ చుట్టూ ఉండే గోడని బొటనవేలితో నొక్కండి, అది గట్టిగా నిలబడాలి. మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లుంటే తప్పులేదు. మీకిప్పుడు పూర్తిగా చదునుగా ఉండే చెప్పులు కూడా పడవు.

చెప్పులతోనే తగ్గిపోదని కూడా చెప్పాలి. గోడకి రెండు చేతులూ ఆనించి, కుడికాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకి వాలి 30 సెకన్లు. మూడుసార్లు, పొద్దున్నా సాయంత్రం. మంచం దిగేముందు కాలివేళ్లని చేత్తో మీదికి లాగి కాసేపు పట్టుకోండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి ఉన్నా, వాచినా, తిమ్మిర్లున్నా మాత్రం ఇక్కడ అడక్కండి, డాక్టరు దగ్గరికెళ్లండి.

సిరిమాను_సీను
మెలిపెట్టి చూస్తే షాపువాడు మనల్ని మెలిపెడతాడు కదా ఫిజియో గారూ.

గంటస్తంభం_చెప్పులకొట్టు
మెలిపెట్టరు బాబూ, నాది విజీనారంలో చెప్పుల కొట్టే. ఇరవై రెండేళ్లయింది. అందరం దొంగలం కాదు.

ఫిజియో గారు చెప్పింది నిజమే. ‘ఆర్థో’, ‘డాక్టర్’ అని అట్ట మీద రాసుంటే వందకి తొంభై మంది లోపల చూడరు. సరుకు తెచ్చే మాకు తెలుసు, అదే సోలు మీద ఆ మాట లేనిది 600కే వస్తుంది. కానీ కొనేవాళ్ల తప్పూ చెప్తాను. వచ్చీరాగానే ‘6 సైజు ఇవ్వండి’ అంటారు. ఎప్పటి 6? పెళ్లినాటిది. పిల్లలు పుట్టాక, వయసు మీదపడ్డాక పాదం సాగుతుంది. ‘కాలు కొలుస్తానమ్మా’ అంటే ‘నా సైజు నాకు తెలీదేటి’ అని కోప్పడతారు. మన 6కీ 7కీ తేడా సెంటీమీటరు కన్నా తక్కువే, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర సైజులు మా దగ్గరికి చాలావాటిలో రానే రావు. అందుకే నంబరు నమ్మొద్దు, కాలు నమ్మండి.

ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది. పాత క్యాలెండరు కాగితం నేల మీద పరిచి, సాయంత్రం పూట, బరువంతా ఆనించి నిలబడి, ఇంకొకరితో పాదం చుట్టూ పెన్సిలు గీయించండి. పెన్సిలు నిటారుగా ఉండాలి. గీత వెంట కత్తిరించండి, రెండు కాళ్లకీ. ఇప్పుడు మీ చెప్పులు తీసి ఆ కాగితాల మీద పెట్టండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.

పలాస_పిక్క
సాయంత్రం పూటే ఎందుకు? ముహూర్తమా?

గంటస్తంభం_చెప్పులకొట్టు
పొద్దున్నుంచీ నిలబడితే పాదం ఉబ్బుతుంది. పొద్దున్న సరిపోయింది సాయంత్రానికి కరుస్తుంది. ‘వాడగా వాడగా సాగుతుంది లెండి’ అని ఎవరైనా అమ్మితే (ఒకప్పుడు నేనూ అన్నాను) నమ్మకండి. సాగేలోపు మీ వేలు అరుగుతుంది.

నాగావళి_ఒడ్డు
రాత్రి గీశాం. మా ఆయనే గీశారు, చక్కిలిగింతలని నేను కదిలితే ఒకటి పాడైంది, మళ్లీ గీశారు. ఎడమది 23.8 సెంటీమీటర్లు, కుడిది 24.4! నలభై ఒక్కేళ్లుగా నా కాళ్లు రెండూ ఒకటే అనుకుంటున్నాను.

ఆర్థో చెప్పు ఆ కాగితం మీద పెడితే చిటికెన వేలు వైపు కాగితం పెసరగింజంత వెడల్పున బయటికొచ్చింది. బడికేసుకెళ్లే నల్ల షూ పెడితే ఇంకా అన్యాయం. ముందు భాగం గోపురంలా కోసుగా ఉంది, నా కాగితమేమో అప్పడాల కర్ర చివరలా మొద్దుగా ఉంది. రెండు పక్కలా కాగితం తొంగి చూస్తోంది. బొటనవేలి మొదట్లో ఎముక ఎందుకు పొడుచుకొస్తోందో ఇప్పుడు అర్థమైంది.

గంటస్తంభం_చెప్పులకొట్టు
అదీ! కాగితం ఎక్కడా బయటికి రాకూడదు. పొడుగు వేలి ముందు ఇంకో బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పెద్దకాలికి సరిపోయేదే కొనాలి, చిన్నకాలికి లోపల పల్చటి అట్ట వేసుకోవచ్చు.

మన పాదాలు ముందువైపు వెడల్పు. చెప్పులు కుట్టే అచ్చులేమో బయటి దేశాల కొలతలవి. చెన్నైలో తోళ్ల పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉంది కదా, వాళ్లు దేశంలో 79 చోట్ల లక్ష మంది పాదాలు కొలిచి మనకంటూ సైజుల పద్ధతి తయారుచేశారు. దానికి ‘భ’ అని పేరు. అది కొట్లలోకి పూర్తిగా వచ్చేదాకా క్యాలెండరు కాగితమే గతి.

తెల్లారి_నడక
ఇన్ని తంటాలు దేనికండీ? నేను మూడేళ్లుగా తెల్లవారుజామున గంటసేపు వట్టికాళ్లతో నడుస్తున్నాను. మోకాళ్ల నొప్పి పోయింది, నిద్ర పడుతోంది. మా తాత శ్రీకూర్మం తిరనాళ్లకి నడిచే వెళ్లేవాడు, చెప్పుల్లేకుండా. ఆయనకి మడమ నొప్పి అనే మాటే తెలీదు. బూట్లే జబ్బు.

పలాస_పిక్క
మీ తాత మట్టిరోడ్డు మీద నడిచాడు. మీరు నడిచేది సిమెంటు రోడ్డు.

తెల్లారి_నడక
పాదం ఒకటే కదా. 26 ఎముకలు పెట్టి దేవుడిచ్చిన యంత్రానికి రబ్బరు తొడుగు దేనికి?

బొబ్బిలి_మాస్టారు
తెల్లారి నడక గారూ, మీ మాట అందరికీ పనికిరాదు. అరవయ్యేడేళ్ల రిటైర్డ్ మాస్టారిని, పద్దెనిమిదేళ్లుగా షుగరు. రెండు అనుభవాలు చెప్తాను.

ఒకటి. మూడేళ్ల కిందట మే నెలలో ఒక గుడికెళ్లాం. మధ్యాహ్నం పన్నెండున్నర, నల్లరాతి బండలు. మా ఆవిడ చీరకుచ్చిళ్లు పట్టుకుని పరుగే పరుగు. నేను తీరిగ్గా మూడు ప్రదక్షిణలు చేశాను. ‘భక్తి ఉంటే కాళ్లు కాలవు’ అని ఆవిడకి నీతి కూడా చెప్పాను. రాత్రి కాళ్లు కడుక్కుంటుంటే రెండు అరికాళ్లలో రూపాయి బిళ్లలంత బొబ్బలు. భక్తి కాదు, స్పర్శ పోయింది.

రెండోది నిరుడు. పెన్షన్ పని మీద పొద్దున్న తొమ్మిదికి బూట్లేసుకుని వెళ్లి సాయంత్రం ఐదుకి వచ్చి విప్పాను. మేజోడు చివర ఎర్రగా తడి. బూటు దులిపితే మనవరాలి బలపం ముక్క రాలింది, మూడు ముక్కలై. రోజంతా దాని మీదే తిరిగాను. ఆ పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. వేలు పోకుండా బయటపడ్డాను.

అప్పుడు డాక్టరు గారు నైలాను దారం లాంటి ఒక పుల్ల పాదం మీద ఆనించి, అది వంగేదాకా నొక్కుతూ ‘తెలుస్తోందా’ అని అడిగారు. పది గ్రాముల బరువుకి వంగుతుందట అది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ‘మొదలెట్టండి’ అన్నాను. ‘ఆరు చోట్ల పెట్టేశాను మాస్టారూ’ అన్నారు.

షుగరున్నవాళ్లు వట్టికాళ్లతో నడవకండి, ఇంట్లో కూడా. అంతే నా మనవి.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడేం వేసుకుంటున్నారు?

బొబ్బిలి_మాస్టారు
ఎంసీఆర్ చెప్పులమ్మా. లోపలి అట్ట మైక్రో సెల్యులార్ రబ్బరు. ఈ రబ్బరు చెప్పులు మన దేశంలో కుష్టు వ్యాధితో స్పర్శ పోయినవాళ్ల పాదాలు కాపాడటానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. మాకూ అదే బాధ కాబట్టి అదే మందు. అంగుళం వెడల్పు పట్టీలు, వెనక బెల్టు, లోపలివైపు మేకుల్లేవు. చూడ్డానికి అందంగా ఉండవు. పెళ్లిళ్లకీ అవే. వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులిపి, లోపల చేత్తో తడిమి చూస్తాను. రాత్రి అరికాలు అద్దంలో చూసుకుంటాను.

విజీనారం_ఫిజియో
మాస్టారి పోస్టుని పైన అంటించి ఉంచాలి. ఒక్కటే కలుపుతాను: స్పర్శ తగ్గినవాళ్లు బొటనవేలి రింగున్న చెప్పులూ హవాయిలూ మానెయ్యండి. జారిపోయినా తెలీదు, వేళ్ల సందులో ఒరుసుకున్నా తెలీదు. కాళ్లకి వేడినీళ్ల కాపడం కూడా వద్దు.

@తెల్లారి_నడక, మీ మాటలో కొంత నిజముంది. అది పిల్లల విషయంలో. 1992లో మన దేశంలోనే 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసుకుని చూశారు. బూట్లూ చెప్పులూ వేసుకునేవాళ్లలో 8.6 శాతానికి చదును పాదాలు, వేసుకోనివాళ్లలో 2.8 శాతానికే. ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్లకి ఎక్కువ, మామూలు చెప్పులవాళ్లకి తక్కువ. అదే మాట మడమ నొప్పి ఉన్న 41 ఏళ్ల టీచరుకి చెప్పకూడదు.

తెల్లారి_నడక
మొత్తానికి నా మాట నిజమని ఒప్పుకున్నారు.

పేరెందుకులే
సగం పోస్టే చదివారు ఈయన.

రాజాం_రమణి
ఫిజియో గారూ, పిల్లల మాట వచ్చింది కాబట్టి. మా బాబుకి నాలుగేళ్లు. తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే పాదం మొత్తం అచ్చు పడుతోంది, మధ్యలో వంపే లేదు. షాపులో 2,500వి వేస్తే వంపు వస్తుందన్నారు. కొనమంటారా?

విజీనారం_ఫిజియో
డబ్బులు దాచుకోండమ్మా. ఆ వయసు పిల్లలకి వంపు కనబడదు, అక్కడ కొవ్వు మెత్తగా ఉంటుంది. ఆరేడేళ్లకి మెల్లగా వస్తుంది. మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు తేలితే భయం లేదు. నొప్పి అన్నా, ఒక పాదమే తేడాగా ఉన్నా చూపించండి. ఇంట్లో, పెరట్లో ఒట్టికాళ్లతో ఆడనివ్వండి. బయట మరుగుకి వెళ్లే చోట్ల, తడిమట్టిలో మాత్రం చెప్పులుండాలి. కొంకిపురుగు పాదం చర్మంలోంచే లోపలికి పోతుంది.

బూటు సైజు రెండు మూడు నెలలకోసారి చూడండి. ఆ వయసులో కాళ్లు ఇట్టే పెరిగిపోతాయి. ‘వచ్చే ఏడాదికి కూడా’ అని రెండు సైజులు పెద్దది కొంటే బోర్లా పడతాడు.

సిరిమాను_సీను
మా అమ్మ నాకు అలాగే కొనేది. ఆరో తరగతి బూట్లు ఎనిమిదిలో సరిపోయాయి. అప్పటికి సోలు లేదు.

ఫార్మా_నైట్‌షిఫ్ట్
నా గోడు వినండి. పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో పని, పన్నెండు గంటల షిఫ్టు, సేఫ్టీ షూ తప్పనిసరి. ముందు ఇనప టోపీ ఉంటుంది, 200 జూల్స్ శక్తి ఉన్న దెబ్బకి ఆగాలని లెక్క. అది మంచిదే, ఓసారి డ్రమ్ము పడితే నా వేళ్లు మిగిలాయి. గొడవేంటంటే స్టోర్స్‌లో 8 ఉంది కాబట్టి అందరం 8. నాది 9. తోలైతే ఏదో రోజు సాగుతుంది గానీ ఇనుము సాగదు కదా. రెండు చిటికెన వేళ్ల మీదా ఆనెలు, బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోనాది. పైగా వేళ్ల సందుల్లో తెల్లగా నాని, చీలి, ఒకటే దురద.

ఆమదాలవలస_అప్ప
మా ఆయనకీ అదే, ఉద్యోగం మానీసినాక పోనాది. మందు అడక్కు బాబూ, ఉద్యోగం మానీలేవు కదా.

విజీనారం_ఫిజియో
@ఫార్మా_నైట్‌షిఫ్ట్, దురద ఫంగస్‌లా ఉంది, చర్మం డాక్టరుకి చూపించి పూత మందు పూర్తిగా వాడండి. దురద తగ్గగానే ఆపేస్తే మళ్లీ వస్తుంది. తడిసిన బూటు ఒక్క రాత్రిలో ఆరదు, మన సముద్రపు గాలికి అసలే ఆరదు. రెండు జతలుంటే రోజు విడిచి రోజు వెయ్యండి. విప్పగానే లోపల పాత పేపరు కుక్కండి. మేజోళ్లు షిఫ్టు మధ్యలో ఒకసారి మార్చండి. ఆనెల్ని బ్లేడుతో కొయ్యకండి, బూటు మారిస్తే వాటంతట అవే తగ్గుతాయి. 9 సైజు కావాలని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటకి స్టోర్స్ కదలదు.

కళింగ_కుర్రాడు
పేపరు కుక్కడమంటే గుర్తొచ్చింది. మా అన్నయ్య నల్లబూట్లు, దుబాయి నుంచి తెచ్చినవి, అమ్మ అటక మీద డబ్బాలో ఆరేళ్లు దాచింది. ‘ఎవరిదైనా పెళ్లికి’ అని. రాజాంలో బావ పెళ్లికి నేనేసుకెళ్లాను. పైన మెరిసిపోతున్నాయి. ఊరేగింపులో రెండో పాటకి సోలు పెళుసుబారిన బెల్లంలా విరగడం మొదలైంది. అడుగడుక్కీ నల్లటి ముక్కలు. వెనకాల పిల్లలు ఏరుతున్నారు. భోజనాల దగ్గరికొచ్చేసరికి పైన బూటు, కింద నా మేజోడు.

గంటస్తంభం_చెప్పులకొట్టు
అది పీయూ సోలు, అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురగది. వాడకపోయినా గాలిలో తేమకి లోపలే విరిగిపోతుంది. దాచినకొద్దీ పాడవుతుంది, రోజూ వేసుకుంటేనే నయం. మీ అమ్మగారికి చెప్పండి, బూట్లు బంగారం కాదు.

తోటపల్లి_కాలవ
మాకేటి చెప్తారు మరి? పొద్దుగూకులూ మడిలోనే. బూటేస్తే బురద పీకేస్తది. గట్టు మీదకొస్తే హవాయి. పాత చెప్పులు ఇక్కడ కాంప్లెక్స్ దగ్గర చెప్పులు కుట్టే ముసలాయనకిస్తే, పలక మీద రెండూ పక్కపక్కన పెట్టి వేలితో తట్టినాడు. ఒకటి కదల్లేదు, ఒకటి ఊయల్లా ఊగింది. ‘నీ ఎడమ మోకాలు నొప్పి పెడతందా?’ అనడిగినాడు. నానెప్పుడూ చెప్పలేదు ఆయనకి!

విజీనారం_ఫిజియో
ఆ ముసలాయన దగ్గరికి నేనూ వెళ్లాలి. చెప్పు మడమ దగ్గర బయటివైపు కాస్త అరగడం అందరికీ ఉంటుంది. లోపలివైపు అరిగినా, ఒక చెప్పే బాగా అరిగినా నడక తేడాగా ఉన్నట్టు. కొత్తవి కొనేటప్పుడు పాతవి పారెయ్యకండి, షాపుకి పట్టుకెళ్లండి.

నాగావళి_ఒడ్డు
ఐదు వారాలైంది. ఏమైందో చెప్దామని వచ్చా.

కత్తిరించిన కాగితాలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సాయంత్రం బడి నుంచి నేరుగా షాపుకెళ్లాను. కాగితాలు తీసి చెప్పుల మీద పెడుతుంటే షాపబ్బాయి వాళ్ల ఓనర్ని పిలుచుకొచ్చాడు, ఏదో తనిఖీ అనుకున్నట్టున్నాడు. పదమూడు జతలు పెట్టి చూస్తే రెండే కాగితాన్ని మింగాయి. మగవాళ్ల వరసలో దొరికింది ఒకటి. వెనక బెల్టు, ముందు వెడల్పు, వంచితే వేళ్ల దగ్గరే వంగుతోంది. 950. రంగు మాత్రం ఎండిన పేడ రంగు.

గోడ దగ్గర వ్యాయామం రోజూ చేస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు చూసి ‘మేడం గోడ తోస్తన్నారు’ అని పేరు పెట్టారు. ఇంట్లో వేరే చెప్పులేసుకుంటున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. పొద్దున్న గోడ పట్టుకోకుండా వంటింటిదాకా వెళ్తున్నాను. వారం కిందట బడికి ఆ 950వాటి బదులు పాత నల్ల షూ వేసుకెళ్తే మర్నాడే మేకు దిగింది.

ఆమదాలవలస_అప్ప
ఆ 3,800వి ఏటి చేసినావు?

నాగావళి_ఒడ్డు
మా ఆయన వేసుకుంటున్నారప్పా. పరుపు మీద నడిచినట్టుందట.

సిరిమాను_సీను
ఇంకో రెండు వారాలాగి ఆయన చేత కూడా ఇక్కడ ఒక పోస్టు పెట్టించండి.